బిలం (వృక్షశాస్త్రం)

మొక్క భాగాల్లో గోడలతో వేరుపడిన గదిని వృక్షశాస్త్రంలో బిలం అంటారు. అండాశయంలోని బిలాల్లో అండాలుంటాయి. అవే తర్వాత గింజలవుతాయి. పరాగకోశంలో పుప్పొడి తయారయ్యే గదికీ ఇదే పేరు. వరి పరాగకోశంలో అలాంటివి నాలుగు, మందారంలో రెండే.

ఉంగుటూరు ప్రాంతంలో ఎండాకాలం వచ్చిందంటే ఈ గదులు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. లేత తాటికాయ తల కత్తితో చెక్కగానే మూడు కన్నులు తేలతాయి. కంట్లోకి బొటనవేలు పోనిచ్చి ముంజ తీస్తారు. తాటి అండాశయంలో మూడు ఫలదళాలు (అండాశయాన్ని ఏర్పరిచే భాగాలు), మూడు బిలాలు, బిలానికొక అండం. ఫలదీకరణ జరగని అండం గింజ కాదు; అందుకే రెండు ముంజల కాయలూ, ఒంటి ముంజ కాయలూ ఉంటాయి.

కొబ్బరీ మూడు బిలాలతోనే మొదలవుతుంది. కానీ వాటిలో ఒక్కదానిలోనే గింజ ఎదుగుతుంది. టెంక మీది మూడు కన్నులు మూడు ఫలదళాల ఆనవాళ్లు. మొలక మెత్తటి కంటిలోంచి వస్తుంది. పెదవేగిలో జాతీయ పరిశోధన సంస్థ ఉన్న ఆయిల్‌పామ్‌దీ ఇదే వరస: మూడు బిలాలున్నా పండుకు సాధారణంగా ఒకే గింజ.

బిలాలను లెక్కపెట్టి మొక్కలను గుర్తించే పద్ధతి 18వ శతాబ్దంలో స్థిరపడింది. కార్ల్ లిన్నేయస్ 1751లో కాయలోని గదులకూ, వాటి మధ్య గోడలకూ విడివిడిగా పేర్లు నిర్వచించాడు. జర్మన్ శాస్త్రవేత్త యోసెఫ్ గేర్ట్నర్ 1788 నుంచి వెలువరించిన గ్రంథంలో పండ్లనూ గింజలనూ కోసి లోపలి అమరికను బొమ్మలతో చూపాడు. ఆ కాలంలోనే సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన తన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో తాటిచెట్టుకు చోటిచ్చాడు. ఆనాటి ఇంగ్లీషు గ్రంథాలు బిలాన్నీ కణాన్నీ ఒకే మాటతో పిలిచేవి. 1915లో వెలువడడం మొదలైన గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథంలోనూ ఆ అలవాటే ఉంది.

గదుల లెక్కా ఫలదళాల లెక్కా ఎప్పుడూ కలవవు. బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు ఫలదళాలు, అయిదు గదులు. బొప్పాయికి అయిదు ఫలదళాలున్నా లోపల ఒకే గది. గింజలు గోడలకు అంటుకుని ఉంటాయి. ఆవకాయలో వేసే ఆవాల మొక్కది ఇంకో తీరు: రెండు ఫలదళాల నడుమ తర్వాత లేచిన మిథ్యాకుడ్యం ఒకే గదిని రెండు చేస్తుంది. ఉమ్మెత్తలో ఇలాంటి గోడే రెండు గదులను నాలుగు చేస్తుంది.

ఏలూరు మార్కెట్‌కు చేరే నిమ్మకాయలో ఒక్కో తొనా ఒక్కో బిలం. దాని గోడ నుంచి లోపలికి పెరిగిన నూగే రసం నిండిన తిత్తులుగా మారుతుంది.