ఫణీంద్ర సామ: తొలి జీవితం, రెడ్‌బస్ స్థాపన

ఫణీంద్ర సామ బస్సు టికెట్లను ఇంటర్నెట్‌లో అమ్మే రెడ్‌బస్ సంస్థ ముగ్గురు స్థాపకుల్లో ఒకరు, దాని తొలి సీఈఓ. 2006లో బెంగళూరులో మొదలైన ఈ సంస్థను 2013లో ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఆయనను రాష్ట్ర చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా నియమించింది. రెడ్‌బస్ ఉపయోగం పెద్ద నగరాల కంటే, దూర ప్రయాణానికి రాత్రి బస్సే దిక్కయిన పట్టణాల్లో బాగా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసంలో నంద్యాల, ఆళ్లగడ్డల ప్రయాణ పరిస్థితికి ప్రత్యేకంగా చోటు ఇవ్వడమైనది.

పేరు, స్వస్థలం

తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి రాస్తే ఆయన సామ ఫణీంద్ర అవుతారు. పత్రికల్లోనూ వ్యాపార వర్గాల్లోనూ ఫణీంద్ర సామ అన్న వరసే స్థిరపడింది. సన్నిహితులు ఫణి అంటారు. స్వస్థలం విషయంలో పరిచయ వ్యాసాలు ఒకే మాట మీద లేవు. కొన్ని నిజామాబాద్ అంటాయి, మరికొన్ని పాత కరీంనగర్ జిల్లాలోని తుంగూరు అంటాయి. ఒకటి పుట్టిన ఊరు, మరొకటి పెరిగిన ఊరు అయి ఉండవచ్చు. ఏది తీసుకున్నా ఆయన ఉత్తర తెలంగాణ నుంచి వచ్చినవారే.

చదువు, తొలి ఉద్యోగం

రాజస్థాన్‌లోని బిట్స్ పిలానీలో ఇంజినీరింగ్ చదివారు. రెడ్‌బస్ భాగస్వాములైన పసుపునూరి సుధాకర్, చరణ్ పద్మరాజు అక్కడి స్నేహితులే. చదువయ్యాక ఎలక్ట్రానిక్ చిప్‌ల రంగంలో అడుగుపెట్టి బెంగళూరులోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేశారు. వెబ్‌సైట్ల తయారీతోగానీ రవాణా వ్యాపారంతోగానీ అప్పటికి ఆయనకు సంబంధం లేదు. రెడ్‌బస్‌కు కావలసిన ప్రోగ్రామింగ్‌ను మిత్రులు ముగ్గురూ పుస్తకాలు ముందేసుకొని, సాయంత్రాలూ సెలవు రోజులూ వెచ్చించి నేర్చుకున్నారని చెబుతారు.

దీపావళి వృత్తాంతం, దాని సంవత్సరం

రెడ్‌బస్ పుట్టుక గురించి అందరికీ తెలిసిన కథ ఒకటుంది. దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లాలనుకున్న ఫణీంద్రకు హైదరాబాద్ బస్సులో సీటు దొరకలేదు. ట్రావెల్స్ ఆఫీసులు ఒకదాని తర్వాత ఒకటి తిరిగారు. ప్రతి ఏజెంటూ తనకు తెలిసిన రెండు మూడు కంపెనీలకు ఫోన్ చేసి లేవన్నాడు. ఫ్లాటులోని మిత్రులంతా ఊళ్లకు వెళ్లిపోయారు, పండగనాడు ఆయన ఒక్కరే బెంగళూరులో మిగిలారు.

ఇది ఏ దీపావళి అన్నదానిపై రచనల్లో తేడా ఉంది. ఎక్కువమంది 2005 అంటారు, కొందరు 2006 అని రాశారు. ఇక్కడ 2005నే తీసుకోవడం సబబు. ఆ ఏడాది దీపావళి నవంబరు 1న వచ్చింది. 2006లో అక్టోబరు 21న వచ్చింది. సంస్థ టికెట్ల అమ్మకం మొదలుపెట్టింది 2006 ఆగస్టులో. అంటే 2006 దీపావళి నాటికే వెబ్‌సైటు నడుస్తోంది. 2006 అన్నది జ్ఞాపకాల్లో దొర్లిన పొరపాటు కావచ్చు.

టికెట్ దొరకని ఆ రాత్రే వ్యాపార ఆలోచన మొత్తం తట్టిందన్నట్టు కొన్ని వ్యాసాలు రాస్తాయి. ఫణీంద్ర వేర్వేరు సందర్భాల్లో చెప్పినవాటిని కలిపి చూస్తే మరో క్రమం కనిపిస్తుంది. పండగ తర్వాత ఆయన, మిత్రులు ఏజెంట్లనూ బస్సు యజమానులనూ ప్రయాణికులనూ కలిసి ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకున్నారు. తనకు సీటు లేదన్న రాత్రే ఏదో ఒక బస్సు ఖాళీ సీటుతో వెళ్లి ఉండవచ్చన్న సంగతి ఆ మాటల్లోనే బయటపడింది. ఈ రెండో క్రమమే నమ్మదగినదిగా ఉంది. తర్వాత సంస్థ తీసుకున్న నిర్ణయాలన్నీ దానితోనే పొసగుతాయి.

అంతకుముందు టికెట్ ఎలా అమ్ముడయ్యేది

ప్రైవేటు బస్సు కంపెనీకి ఊరంతా ఏజెంట్లుండేవారు. ఆఫీసులో బల్ల మీద రోజుకొక సీటు చార్టు ఉండేది. గళ్లు గీసిన కాగితం మీద పెన్నుతో పేరు, ఎక్కే చోటు, ఫోన్ నంబరు రాసేవారు. ఆడవాళ్ల పక్క సీటు ఆడవాళ్లకే ఇవ్వడానికి గుర్తు పెట్టుకునేవారు. ఏజెంటు ఫోన్ చేస్తే ఆఫీసులోని మనిషి చార్టు చూసి సీటు నంబరు చెప్పేవాడు. ఏజెంటు దాన్ని టికెట్ పుస్తకంలో రాసి చింపి ఇచ్చేవాడు.

కొందరు ఏజెంట్లకు ముందే కొన్ని సీట్లు కోటాగా ఇచ్చేవారు. ఒకచోట కోటా అయిపోయి జనం తిరిగి వెళ్తుంటే, ఇంకోచోట కోటా అమ్ముడుపోకుండా మిగిలేది. బస్సు బయలుదేరే ముందు ఆ కబురు అందినా పెద్దగా ఉపయోగం ఉండేది కాదు. అటు వెళ్లే టికెట్ కొన్నచోట తిరుగు ప్రయాణం టికెట్ దొరకడం కష్టం, ఎందుకంటే ఆ చార్టు వేరే ఊరి ఆఫీసులో ఉండేది. పండగ రోజుల్లో రేటు ఎంతన్నది ఏజెంటు చెప్పిందే. బస్సు ఎలాంటిదో ఎక్కాకే తెలిసేది.

స్థాపన, తొలి టికెట్

మిత్రులు మొదట బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఉచితంగా ఇస్తామన్నారు. ఎవరూ పెద్దగా ఆసక్తి చూపలేదు. పెన్నుతో చార్టు సాఫీగా నడుస్తుండగా కంప్యూటర్ ఎందుకన్నది వారి ప్రశ్న. దాంతో దారి మార్చుకొని, ఏజెంట్లకు ఇచ్చినట్టే తమకూ కొన్ని సీట్లు ఇవ్వమని అడిగారు. అమ్మితే కమీషన్, అమ్మకపోతే సీటు వెనక్కి. ఈ పద్ధతి యజమానులకు తెలిసిందే కాబట్టి ఒకరిద్దరు ఒప్పుకున్నారు. ముగ్గురూ ఉద్యోగాలు వదిలారు. తొలి పెట్టుబడి మిత్రులు కూడబెట్టిన సుమారు 5 లక్షల రూపాయలని చెబుతారు.

తొలి టికెట్ గురించి ఫణీంద్ర చెప్పిన ఉదంతం ఒకటి తరచుగా ఉటంకింపబడుతుంది. కొన్నది ఐటీ కంపెనీలో పనిచేసే ఒక మహిళ, ప్రయాణం బెంగళూరు నుంచి తిరుపతికి. కాగితం మీద సీటు ఇచ్చారు సరే, బస్సులో నిజంగా ఆ సీటు ఆమెకు దక్కుతుందా అన్న బెంగతో మిత్రులు బస్సు ఎక్కే చోటికి వెళ్లి, ఆమె ఎక్కి కూర్చునేదాకా కనిపెట్టుకొని ఉన్నారట. తన చేతిలో లేని బస్సులోని సీటుకు పూచీ పడటమే ఈ వ్యాపారమని ఆ రోజే వారికి అర్థమై ఉండాలి.

క్రెడిట్ కార్డు వాడకం అప్పటికి తక్కువ. అందుచేత ఫోన్‌లో బుకింగ్ తీసుకోవడం, టికెట్‌ను ఇంటికి తెచ్చి డబ్బు తీసుకోవడం కూడా చేశారు. తర్వాత మొబైల్‌కు వచ్చే సందేశాన్నే టికెట్‌గా చూపించే పద్ధతి తెచ్చారు. బస్సు దగ్గర క్లీనర్ ఆ సందేశాన్ని చూసి ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది.

మార్గదర్శకులు, పెట్టుబడులు

వ్యాపారంలో కొత్తవారికి అనుభవజ్ఞులను జతచేసే టై సంస్థ బెంగళూరు శాఖ కార్యక్రమానికి రెడ్‌బస్ ఎంపికైంది. బస్సుల గురించి తెలిసిన ఇంజినీర్లకు కంపెనీ నడపడం నేర్పింది ఈ దశే. 2007లో సీడ్‌ఫండ్ తొలి పెట్టుబడి పెట్టింది. ఆ మొత్తం 3 కోట్ల రూపాయలని కొందరు, పది లక్షల డాలర్లని మరికొందరు రాశారు. నాటి మారకం రేటు ప్రకారం రెండూ ఒకటి కావు. ఒప్పుకున్న మొత్తానికీ విడతగా అందినదానికీ తేడా ఉండి ఉండవచ్చు. 2009లో ఇన్వెంటస్ క్యాపిటల్, 2011లో హీలియన్ పెట్టుబడిదారులుగా చేరాయి.

పనితీరులో వచ్చిన మార్పు

కోటా సీట్లు అమ్మినంతకాలం రెడ్‌బస్ కూడా ఒక పెద్ద ఏజెంటే. అసలు మలుపు బాస్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. ఇది బస్సు యజమాని ఆఫీసులోని కాగితం చార్టు స్థానంలోకి వచ్చింది. యజమాని ఆఫీసులో అమ్మినా, ఏజెంటు అమ్మినా, వెబ్‌సైటులో అమ్ముడైనా అదే చార్టులో వెంటనే గడి నిండుతుంది. దాంతో ఒకే సీటు ఇద్దరికి ఇవ్వడం తగ్గింది, కోటా అవసరమూ తగ్గింది. మొదట్లో ఉచితంగా ఇస్తామన్నా వద్దన్న సాఫ్ట్‌వేర్‌ను, అమ్మకాలు చూశాక యజమానులు తీసుకున్నారు.

ఏజెంట్లను పక్కకు నెట్టకుండా వారికోసం సీట్‌సెల్లర్ అనే వేదికను తెచ్చారు. చిన్న ఊరి ఏజెంటు కూడా దాని ద్వారా తనకు పరిచయం లేని కంపెనీ బస్సులో సీటు అమ్మి కమీషన్ పొందగలిగాడు. ప్రయాణికులు బస్సుకు మార్కులు వేసే ఏర్పాటు మరో ముఖ్యమైన మార్పు. ఆలస్యంగా వచ్చే బస్సు, చిరిగిన సీట్లు, క్లీనర్ మాటతీరు ఇవన్నీ తర్వాతి ప్రయాణికుడికి ముందే తెలిసేవి.

ఇదే కాలంలో ఇతరులూ ఈ రంగంలోకి వచ్చారు. 2008లో హైదరాబాద్‌లో మొదలైన అభిబస్ ఆర్టీసీ రిజర్వేషన్ వ్యవస్థతో తెలుగువారికి దగ్గరైంది. కాబట్టి ఈ మార్పు మొత్తాన్ని ఒక్క సంస్థకే ఆపాదించడం సరికాదు.

నంద్యాల, ఆళ్లగడ్డ దారి

2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నంద్యాల, దానికి దక్షిణంగా ఉన్న ఆళ్లగడ్డ, రెండూ కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. నంద్యాలకు గుంతకల్లు–గుంటూరు రైలు మార్గం ఉంది. 2016లో ప్రారంభమైన నంద్యాల–ఎర్రగుంట్ల లైను బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా పోతుంది. అది ఆళ్లగడ్డను తాకదు. రాతి శిల్పాలకు పేరుపడి, అహోబిలం యాత్రికులకు దారి అయిన ఆ పట్టణంలో రైల్వే స్టేషను లేదు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో చదివే, పనిచేసే పిల్లలు ఇంటికి రావాలంటే రోడ్డే ఆధారం.

ఇలాంటి ఊరికి పాత పద్ధతిలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉండేది. ఆ రోడ్డు మీద పోయే దూరప్రాంతపు బస్సుల్లో చాలావాటికి ఈ ఊరు మధ్యలో తగిలేదే. చార్టు బస్సు బయలుదేరే నగరంలో ఉంటుంది. ఊళ్లోని ఏజెంటుకు దక్కేవి ఒకటి రెండు సీట్లు, అవీ వెనక చక్రం మీదవి. అర్ధరాత్రి హైవే పక్కన బ్యాగుతో నిలబడి వచ్చిన ప్రతి బస్సుకూ చెయ్యెత్తడం అలవాటైన పని. డ్రైవరు ఆపితే టూల్ బాక్సు మీదో, క్యాబిన్‌లోనో చోటు. ఆపకపోతే తెల్లవారి ఆర్టీసీ బస్సు.

చార్టు అందరికీ కనిపించడం మొదలయ్యాక ఈ ఊళ్ల పేర్లు ఎక్కే చోట్లుగా జాబితాలో చేరాయి. బస్సు ఎన్నింటికి వస్తుందో, ఏ సీటో, ఎవరి నంబరుకు ఫోన్ చేయాలో ముందే తెలుస్తుంది. ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్ల తన పక్క సీటు ఎవరిదో చూసుకొని టికెట్ తీసుకోగలుగుతోంది. నగరవాసికి ఇది సౌకర్యమే, మధ్య దారిలోని ఊరికి మాత్రం ఇది గౌరవం కూడా.

విక్రయం, తర్వాతి జీవితం

2013 జూన్‌లో నాస్‌పర్స్‌కు చెందిన ఐబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొన్నది. ధరను అధికారికంగా వెల్లడించలేదు. పత్రికల అంచనాలు 600 కోట్ల రూపాయల నుంచి 800 కోట్ల దాకా ఉన్నాయి. ఆ కాలపు భారతీయ ఇంటర్నెట్ సంస్థల విక్రయాల్లో ఇది పెద్దదన్న మాటపై మాత్రం భేదాభిప్రాయం లేదు. ఫణీంద్ర 2014లో బాధ్యతల నుంచి తప్పుకున్నారు. 2017లో ఐబిబో, మేక్‌మైట్రిప్‌లో కలిసింది. రెడ్‌బస్ అదే పేరుతో కొనసాగుతూ మలేషియా, సింగపూర్, పెరూ వంటి దేశాలకూ విస్తరించింది. తెలంగాణ ప్రభుత్వంలో ఫణీంద్ర చేపట్టిన పని, తనలా ఉద్యోగం వదిలి కొత్తది మొదలుపెట్టేవారికి రాష్ట్రమంతటా అండ కల్పించడం.

పరిమితులు, అంచనా

చార్టు బాగుపడినంత మాత్రాన ప్రయాణం బాగుపడదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ప్రైవేటు వోల్వో బస్సు కాలిపోయి 45 మంది మరణించారు. ఫణీంద్రకు ఒకనాడు సీటు దొరకని దారి అదే. కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్‌తో, అంటే బస్సును మొత్తంగా అద్దెకు ఇచ్చే అనుమతితో, తిరిగే బస్సుల్లో సీటుకొక టికెట్ అమ్మడం చట్టం ప్రకారం ఎంతవరకు చెల్లుతుందన్న పాత ప్రశ్న ఆ ప్రమాదం తర్వాత మళ్లీ ముందుకు వచ్చింది. బస్సు భద్రత యజమానిదీ ప్రభుత్వానిదీ. అయినా సీటు అమ్మే వేదిక అందులో తన వాటా ఎంతో తేల్చుకోవలసే ఉంది.

ఫణీంద్ర సామ ఒక్క బస్సు కూడా కొనలేదు, ఒక్క కొత్త దారి కూడా వేయలేదు. వేల ఆఫీసుల్లో విడివిడిగా ఉన్న చార్టులను ఒకచోట చేర్చారు, అది కూడా యజమానులు నమ్మేదాకా ఓపికపట్టి. ఇంటర్నెట్ వ్యాపారం గురించి రాసే తెలుగు పుస్తకాల్లో ఆయన పేరు నిలవడానికి కంపెనీ అమ్మిన ధర కంటే ఈ ఓపికే బలమైన కారణం.