గ్రామఫోన్ గుర్గుర: దోషం రికార్డుదా, యంత్రానిదా?

రికార్డు తిరుగుతున్నప్పుడు పాట వెనుక వినబడే మంద్రమైన గుర్గుర ధ్వనిని రంబుల్ అంటారు. మోటారు, ఇరుసు, రబ్బరు చక్రాల అదురు పళ్ళెం ద్వారా సూదికి చేరడం దీనికి కారణం. గీతలు, దుమ్ము వలన వచ్చే చిటపటలు వేరు.

మన సరిహద్దు ఇళ్ళలో అటకమీద తెలుగు, ఒడియా రికార్డులు ఒకే పెట్టెలో ఉండవచ్చు. గుర్గుర వినగానే అవి పాడయ్యాయని పాత సామాన్లవానికి ఇచ్చివేయడం తొందరపాటు. 1974లో వెలువడిన ఘంటసాల భగవద్గీత మరొక ప్రతి దొరకవచ్చు. తాతగారి చేతివ్రాత ఉన్న అట్ట మళ్ళీ దొరకదు.

ఎందుకు పెద్దదవుతుంది?

రికార్డు చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, వినిపించేటప్పుడు తిరిగి పెంచుతారు. ఆర్.ఐ.ఎ.ఎ. పద్ధతిలో 20 హెర్ట్జ్ వద్ద ఈ పెంపు, 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే సుమారు 19 డెసిబెళ్ళు, అనగా తొమ్మిది రెట్లు. పాటతోపాటు అదురు కూడా పెరుగుతుంది.

కొలిచే విధానం

ఫోనో ప్రీయాంప్లిఫయర్ నుండి కంప్యూటర్ లైన్-ఇన్‌కు తీగ కలిపి, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయాలి. స్పీకరు తీగను కంప్యూటర్‌కు కలపరాదు. కొన్ని పాత వాల్వు సెట్లలో లోహపు చట్రానికే విద్యుత్తు ఉంటుంది. వాటిని మెకానిక్‌కు చూపించిన తరువాతే తాకాలి.

ధ్వని స్థాయి మార్చకుండా ఒక్కొక్క నిమిషం మూడు నమోదులు చేయాలి.

1. మోటారు తిరుగుతూ, సూది ఎత్తి ఉంచి. ఇక్కడ 50, 100 హెర్ట్జ్ వద్ద శిఖరాలు కనిపిస్తే అది విద్యుత్ హమ్మింగ్. ఎర్త్ తీగ చూడాలి.
2. మోటారు ఆపి, నిలిచిన రికార్డుపై సూది ఉంచి. ఇది నేల, బల్ల అదురు. మిల్లు, రైలుమార్గం దగ్గరున్న జేకేపూర్ వంటిచోట దీనిని విడిగా తేల్చుకోవాలి.
3. టెస్ట్ రికార్డులోని నిశ్శబ్ద గాడి నడుపుతూ. మొదటి రెండింటికన్నా ఇందులో అదనంగా కనిపించేదే రంబుల్.

నిమిషానికి సుమారు 1500 చుట్లు తిరిగే మోటారు అదురు 25 హెర్ట్జ్ సమీపంలో కనిపిస్తుంది.

అంకె కట్టడం

టెస్ట్ రికార్డులోని 1000 హెర్ట్జ్ స్వరం స్థాయి 0.5, నిశ్శబ్ద గాడి స్థాయి 0.005 అనుకుందాం. నిష్పత్తి 100, అనగా తేడా 40 డెసిబెళ్ళు. తేడా ఎంత ఎక్కువైతే యంత్రం అంత మంచిది. ప్రకటనలలోని 60, 70 అంకెలు సాధారణంగా చెవి గ్రహణానికి అనుగుణంగా సవరించినవి. వాటితో ఈ అంకెను పోల్చరాదు.

టెస్ట్ రికార్డు లేనివారు రెండు మూడు రికార్డులలో పాటల నడుమ ఖాళీ గాడులను నమోదు చేసి చూడవచ్చు. అన్నింటిలో ఒకే శిఖరం ఉంటే దోషం యంత్రానిది. ఒకదానిలోనే ఉంటే ఆ రికార్డుది.

చికిత్స

ఇరుసు శుభ్రపరచి ఒక చుక్క పలుచని నూనె వేయాలి. గట్టిపడిన రబ్బరు చక్రం మార్చాలి. స్పీకరున్న బల్లపై యంత్రం ఉంచరాదు. గోడకు బిగించిన పలక మేలు. ప్రతి మార్పు తరువాత తిరిగి కొలవాలి. 6 డెసిబెళ్ళు తగ్గితే అదురు సగమైనట్లే.

కొలిచి చూడనిదే ఏ రికార్డునూ ఇల్లు దాటనీయకండి.