స్టువర్టుపురం కంటే ముందు ఎరుకలోళ్లు ఎవరు?

ఇవాళ పంటల సంగతి కాదు, మన పక్కనే బతుకుతున్న మనుషుల సంగతి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

తెనాలి నుంచి చీరాల వైపు రైలెక్కితే బాపట్ల దాటాక స్టువర్టుపురం వస్తుంది. ఆ పేరు వినగానే మనలో చాలామందికి ‘దొంగల ఊరు’ అనే మాటే గుర్తొస్తుంది. సినిమాలూ అదే పట్టుకున్నాయి. ఆ మచ్చ ఎట్లా పడిందో తెలిసినోళ్లు మాత్రం తక్కువ.

ఎరుకలోళ్ల ఇంటి భాష తెలుగు కాదు. దాన్ని కుర్రు భాష అంటారు. సొంత లిపి లేదు. వింటే తమిళానికి దగ్గరగా ఉంటుంది. తమిళనాడులో కొరవలు, కన్నడ దేశంలో కొరచలు వీళ్లకి దగ్గరి వాళ్లే. ఎరుక చెప్పడం వల్ల మన దగ్గర ఎరుకలోళ్లు అన్నారని చెబుతారు.

వాళ్లలో వాళ్లకున్న పేర్లు చూడండి. ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, వెదురు పని చేసే దబ్బ ఎరుకలు, సాలెవాళ్లకి కుంచెలు కట్టే కుంచె ఎరుకలు. ఒక్కో పేరూ ఒక్కో పని! మన కల్లంలో తూర్పారబట్టిన చాట, ధాన్యం మోసిన గంప, ఇంట్లో బుట్టా తట్టా ఎవరు అల్లారనుకున్నారు? కూలి కూడా చాలాసార్లు గింజల్లోనే కొలిచాం.

సముద్రం ఒడ్డున ఉప్పు కొని, ఎడ్ల మీద, గాడిదల మీద పెరికెలేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకెళ్లేవాళ్లు. అక్కడ ధాన్యం మార్చుకుని వచ్చేవాళ్లు. బండి బాట కూడా లేని ఊళ్లకు ఉప్పు అందింది అట్లాగే. తర్వాత ఉప్పు మీద తెల్లదొరల గుత్తాధిపత్యం వచ్చింది. రైళ్లు వచ్చాయి, సరుకంతా వాటిలో పోయింది. అడవి చట్టాలొచ్చి వెదురు, మేత దొరకడం కష్టమైంది. దానికి తోడు 1876-78 నాటి పెద్ద కరువు. మనకి గిట్టుబాటు పోతే భూమన్నా మిగులుతుంది. వాళ్లకి భూమి కూడా లేదు.

బేరం పోయి తిరిగే మనిషి పోలీసు కంటికి అనుమానంగా కనిపించాడు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. జాతి పేరు అందులో పడితే చాలు, ఏ కేసూ లేనివాడు కూడా వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు చెప్పాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పుట్టుకే నేరమన్నమాట.

1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా బాపట్ల దగ్గర సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ దొర పేరు పెట్టారు. ఎక్కడెక్కడి కుటుంబాలనో తెచ్చి అక్కడ ఉంచారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు అక్కడి నుంచీ వెళ్లారు. బాగుచేస్తామన్న పేరుతో కాపలా మధ్య కూలి చేయించారు.

1947లో మద్రాసు రాష్ట్రంలో, 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ చట్టం పోయింది. 1970ల నుంచి గోరా గారి కొడుకు లవణం, జాషువా గారి కూతురు హేమలత దంపతులు స్టువర్టుపురంలో తిరిగి మనుషుల్ని కూడగట్టి పనిచేశారు. అక్కడ కొందరు దొంగతనాలు చేసిన మాట నిజమే. కానీ వేరే ఏ కులంలో దొంగ దొరికినా ఆ మనిషినే అంటాం, వీళ్ల విషయంలో జాతినంతా అంటాం.

చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటింది. మన నోటి నుంచి మాత్రం పోలేదు. రేపు పొలంలో మోటారు పోయినా, ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ పోయినా స్టేషన్లో ఫిర్యాదు ఇద్దాం. ఏ ఆధారం లేకుండా ఎరుకల కాలనీ వైపు వేలు చూపించొద్దు. మన పిల్లల క్లాసులో ఆ ఊరి పిల్ల కూర్చుంటే, ఊరి పేరు చెప్పుకోవడానికి తల వంచుకునే పరిస్థితి మనం తేకూడదు.

మీ ఊళ్లో గంపలల్లే పెద్దవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడండి. కుర్రు భాషలో నాలుగు ముక్కలు అడిగి తెలుసుకోండి. పిల్లలకి కూడా చెప్పండి.