పిలాటిస్ వ్యాయామం: పుట్టుక, మూలసూత్రాలు

ధర్మపురి పల్లెల నుండి బెంగళూరుకు కొలువులకు వెళ్లిన యువతకు పిలాటిస్ అనే మాట కొత్త కాకపోవచ్చు. ఇంటి పెద్దలకు మాత్రం అది మందు పేరో, యంత్రం పేరో అనిపిస్తుంది. నిజానికి అది ఒక మనిషి పేరు.

జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో జన్మించారు. బాల్యంలో ఉబ్బసం, రికెట్స్ వ్యాధులు ఆయనను పీడించాయి. ఆ దుర్బల దేహాన్ని బలపరచుకొనేందుకే కసరత్తు ఆరంభించారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఇంగ్లండులో ఉండడంతో, శత్రుదేశస్థుడని అక్కడి ప్రభుత్వం ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో నిర్బంధించింది. ఈ పద్ధతి రూపుదిద్దుకొన్నది ఆ శిబిరంలోనే. మంచం పట్టినవారికి మంచానికే స్ప్రింగులు కట్టి కాళ్లూ చేతులూ ఆడింపజేశారని చెబుతారు. 1926లో న్యూయార్కు చేరి, క్లారాతో కలిసి వ్యాయామశాల నడిపారు. గాయపడిన నర్తకులు అక్కడికి వచ్చేవారు. తన పద్ధతికి ఆయన పెట్టుకొన్న పేరు కంట్రాలజీ, అనగా అదుపుశాస్త్రం. 1967లో కన్నుమూశారు. పిలాటిస్ అనే పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని 2000లో అమెరికా న్యాయస్థానం తేల్చింది.

ఏకాగ్రత, అదుపు, కేంద్రం, నిర్దుష్టత, శ్వాస, ప్రవాహం అనే ఆరు సూత్రాలను క్రోడీకరించినది ఆయన తరువాతివారు. వీటిలో కేంద్రమే కీలకం. పొత్తికడుపు, నడుము, పిరుదుల కండరాలు స్థిరంగా నిలిచిన పిమ్మటే కాలైనా చేయైనా కదలాలి. వంగి నాట్లు వేసేవారికీ, బిందెలు మోసేవారికీ ఆధారం ఈ కండరాలే. ఎన్నిసార్లు చేశామన్నది ముఖ్యం కాదు. పది తప్పు కదలికల కన్నా ఒక సరైన కదలిక మేలు.

శ్వాసతో కదలికను జతపరచడం మనకు పరాయి విద్య కాదు. చిత్రదుర్గ ప్రాంతపు తెలుగు అయ్యంగార్ల కుటుంబంలో 1888లో పుట్టిన తిరుమల కృష్ణమాచార్యులు మైసూరులో ఆసనాలను శ్వాసగతితో కలిపి నేర్పారు. ఆయన కన్నడ గ్రంథం యోగమకరందం, పిలాటిస్ తొలి గ్రంథం రెండూ 1934లోనే వెలువడడం విశేషం. ఒకరి నుండి మరొకరు నేర్చుకొన్నారనేందుకు ఆధారం లేదు.

నడుము నొప్పికి పిలాటిస్ కొంత ఉపశమనమిస్తుందనీ, ఇతర వ్యాయామాల కన్నా మిన్న అనడానికి తగిన రుజువు లేదనీ 2015 నాటి కోక్రేన్ సమీక్ష తెలిపింది. కనుక ఖరీదైన యంత్రాల కోసం అప్పు చేయనక్కరలేదు. నేలపై చాప చాలు. కాళ్లలో తిమ్మిరి, ఎముకల బలహీనత ఉన్నవారూ, గర్భిణులూ వైద్యుని అడిగిన తరువాతే ఆరంభించాలి.