దిక్కులు లెక్కపెడుతూ

కార్తీక సోమవారం, 2025 నవంబరు 3. పెనుగొండలో మా అరుగు మీద పడ్డ పేపరును నాకంటే ముందు మా మనవడు లాక్కున్నాడు. ముందురోజు పారిస్ మాస్టర్స్ టెన్నిస్ ఫైనల్లో సినర్ గెలిచాడు. శీర్షికలో ‘దిగ్విజయం’ అని ఉంది.

“తాతయ్యా, సినర్ గానీ అల్కరాజ్ గానీ తొమ్మిది మాస్టర్స్ టైటిళ్లూ కొట్టేస్తారంటావా?” అన్నాడు.

వాడు అడిగింది ఆట గురించి. నా చూపు పడింది మాట మీద. “ముందు దిక్కులెన్నో తేలనీరా” అన్నాను. వాడు నుదురు కొట్టుకుని బడికి పోయాడు. మాటల పిచ్చి ఉన్నవాణ్ణి ఇంట్లో ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

దిక్కుకు మూలం సంస్కృతంలోని దిశ్ ధాతువు. చూపించడమని దానర్థం. వేలెత్తి చూపినది దిశ, చూపిన చోటు దేశం. ఇలా చెయ్యమని చూపితే ఆదేశం, దగ్గర కూర్చోబెట్టుకుని చూపితే ఉపదేశం. ఈ ధాతువుకు దూరపు చుట్టాలూ ఉన్నారు. గ్రీకులో చూపడంగానే నిలిచింది, లాటిన్‌లో చెప్పడమైంది, ఇంగ్లీషులో ‘టీచ్’ అయి పంతుళ్ల చేతిలో పడింది.

దక్షిణాదిలో ఈ మాటకు మరో అర్థం మొలిచింది: ఆసరా. ‘నువ్వే దిక్కు’ అంటాం. ఎవరూ లేనివాడు దిక్కులేనివాడు. తమిళంలోనూ తిక్కు అంటే దిశే కాదు, ఆశ్రయం కూడా. కష్టంలో చూపు ఎటు తిరుగుతుందో అదే ఆసరా అని కాబోలు. ఈ అర్థాన్ని కొంగున ముడేసుకోండి, చివర్లో విప్పుదాం.

ఇక దిగ్విజయం. దిక్కులన్నిటినీ గెలవడం. భారతంలో సభాపర్వంలో దాని పేరిట ఒక ఉపపర్వమే ఉంది. ధర్మరాజు రాజసూయం చెయ్యాలి, అందుకు ముందు దిక్కులన్నీ లొంగాలి. అర్జునుడు ఉత్తరానికి, భీముడు తూర్పుకు, సహదేవుడు దక్షిణానికి, నకులుడు పడమరకు బయలుదేరారు. దక్షిణానికి వచ్చిన సహదేవుడు ఆంధ్రుల దగ్గరికి దూతల్ని పంపే కప్పం కట్టించుకున్నాడట. టెన్నిస్ భాషలో చెప్పాలంటే మనవాళ్లు వాకోవర్ ఇచ్చేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. దిక్కుకొకరు చొప్పున నలుగురు వెళ్లారు. గెలుపు మాత్రం ధర్మరాజు ఖాతాలో పడింది.

ఒంటి చేత్తో దిగ్విజయం చేసినవాడు కావాలంటే కాళిదాసు రఘు మహారాజున్నాడు. తూర్పున మొదలుపెట్టి, దక్షిణం, పడమర, ఉత్తరం చుట్టి వచ్చాడు. మహేంద్రగిరి రాజు సంపద తీసుకుని నేల తిరిగి ఇచ్చేశాడు. కళింగం తరవాత కాళిదాసు నేరుగా కావేరి దగ్గర తేలుతాడు. మధ్యలో మన గోదావరిని తలవనైనా తలవలేదు. ఆ సేన మా చేల గట్ల మీదుగానే పోయి ఉంటుందని నాకో చిన్న కోపం.

అంతటి మాట ఇప్పుడెంతకు దిగింది? రక్తదాన శిబిరం దిగ్విజయంగా ముగుస్తుంది. పదవీ విరమణ సన్మానం దిగ్విజయంగా జరుగుతుంది. మైకు మొరాయించకపోతే చాలు, దిక్కులన్నీ లొంగినట్టే.

ఈ దిగజారుడు మనకొక్కరికే పట్టలేదు. గ్రాండ్ స్లామ్ పేకాట మాట. బ్రిడ్జిలో 13 పట్లూ ఒకే జట్టు గెలిస్తే గ్రాండ్ స్లామ్. 1933లో ఆస్ట్రేలియా వాడు జాక్ క్రాఫర్డ్ మూడు పెద్ద టోర్నీలు గెలిచి నాలుగోదాని గుమ్మంలో నిలబడితే, అమెరికా పత్రికలవాళ్లు ఆ మాటను టెన్నిస్‌కు తెచ్చారు. క్రాఫర్డ్ ఆ ఫైనల్ ఓడిపోయాడు. 1938లో డాన్ బడ్జ్ నాలుగూ గెలిచాకే మాటకు మనిషి దొరికాడు. ఇప్పుడేమో ఒక్కో టోర్నీనే గ్రాండ్ స్లామ్ అంటున్నాం. నాలుగింటి మూట పేరు ఒక్కో గింజకూ వచ్చేసింది. దిగ్విజయానికి పట్టిన గతే దీనికీ.

మాస్టర్స్ మాటకూ గమ్మత్తయిన వంశమే. ఇంగ్లీషు మాస్టర్, మన బడి మాస్టారు, పోర్చుగీసు ఓడ దిగి తాపీ పట్టిన మేస్త్రి, ముగ్గురూ లాటిన్ ‘మజిస్టర్’ సంతానమే. విజేతకు 1000 ర్యాంకింగ్ పాయింట్లిచ్చే మాస్టర్స్ టోర్నీలు ఏడాదికి తొమ్మిది: ఇండియన్ వెల్స్, మయామీ, మాంటె కార్లో, మాడ్రిడ్, రోమ్, కెనడా, సిన్సినాటి, షాంఘై, పారిస్.

దిక్కులు నాలుగంటారు, ఎనిమిదంటారు, పదీ అంటారు. తొమ్మిదన్నవాళ్లు లేరే అనుకుంటూ శివాలయానికి వెళ్తే నవగ్రహ మండపం ఎదురైంది. చుట్టూ ఎనిమిదిమంది, నడుమ సూర్యుడు. సరే, లెక్క కుదిరింది అనుకున్నాను. అంతలోనే గుర్తొచ్చింది, సౌదీ అరేబియాలో పదో మాస్టర్స్ వస్తుందని, 2028 నాటికే మొదలుకావచ్చని ప్రకటించారు. అయినా భయం లేదు. దశదిశలని మనవాళ్లు ముందే చోటుంచారు.

2025 ముగిసేనాటికి సింగిల్స్‌లో ఆ తొమ్మిదీ గెలిచినవాడు ఒక్కడే, జోకోవిచ్. సిన్సినాటి చాలాకాలం చిక్కలేదు. అక్కడ ఐదు ఫైనళ్లు ఓడి, 2018లో ఫెదరర్‌ను ఓడించి తొమ్మిదో దిక్కు ముట్టాడు. 2020లో రెండో చుట్టూ పూర్తయింది, అదీ సిన్సినాటి టోర్నీలోనే. కాకపోతే ఆ ఏడు కోవిడ్ వల్ల ఆ టోర్నీని న్యూయార్క్‌లో ఆడించారు. దిక్కే లేచి వేరే ఊరు వెళ్లిందన్నమాట.

మరి నాదల్? మయామీలో ఐదు ఫైనళ్లు ఆడి ఒక్కటీ గెలవలేదు. షాంఘై, పారిస్ కూడా దక్కలేదు. ఫెదరర్‌కు మాంటె కార్లో, రోమ్ దక్కలేదు. పేపర్లు ఇద్దరినీ ‘దిగ్గజాలు’ అంటాయి, నాకది సరైన మాటే అనిపిస్తుంది. దిగ్గజం దిక్కులు తిరగదు. ఐరావతం తూర్పునే నిలబడి తన వంతు భూమిని మోస్తుంది. రోలాఁ గారోస్ ఎర్రమట్టి మీద 14 సార్లు గెలిచిన నాదల్ అలాంటి ఏనుగు. దిగ్గజం వేరు, దిగ్విజయి వేరు.

ఇప్పుడు కుర్రాళ్ల సంగతి. 2025 సీజన్ ముగిసేనాటికి అల్కరాజ్‌కు లేనివి మూడు: కెనడా, షాంఘై, పారిస్. మూడూ సినర్ సంచిలో ఉన్నాయి. సినర్‌కు లేనివి నాలుగు: ఇండియన్ వెల్స్, మాంటె కార్లో, మాడ్రిడ్, రోమ్. నాలుగూ అల్కరాజ్ దగ్గరున్నాయి. మయామీ, సిన్సినాటి ఇద్దరికీ ఉన్నాయి. ఇద్దరి సంచులూ ఒకచోట బోర్లిస్తే తొమ్మిది దిక్కులూ రాలతాయి. పాండవులైతే అన్నదమ్ముల్లా కలిపేసుకునేవారు. వీళ్లు ఒకరి దిక్కు కోసం ఒకరు కొట్టుకోవాలి.

కలిపి లెక్కవేసే ఆట మనకు బాగా తెలిసినదే. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా డబుల్స్‌లో ఆరు గ్రాండ్ స్లామ్ టైటిళ్లు గెలిచింది. మిక్స్‌డ్‌లో మూడు: భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్, బ్రూనో సోరెస్‌తో 2014 యు.ఎస్. మహిళల డబుల్స్‌లో మార్టినా హింగిస్‌తో మూడు: 2015 వింబుల్డన్, 2015 యు.ఎస్., 2016 ఆస్ట్రేలియన్.

సానియా నాలుగు దిక్కులూ గెలిచిందా? రెండు ఆటలూ కలిపితే గెలిచింది. విడదీస్తే మహిళల డబుల్స్‌లో ఫ్రెంచ్ తక్కువ, మిక్స్‌డ్‌లో వింబుల్డన్ తక్కువ. ఆ రోజుల్లో మహిళల టూర్‌లో తప్పనిసరి పెద్ద టోర్నీలు కూడా నాలుగే. ఇండియన్ వెల్స్, మయామీ, బీజింగ్ గెలిచింది. నాలుగోదైన మాడ్రిడ్‌లో 2016 ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. ధర్మరాజు లెక్కలో చూస్తే ఆమెది దిగ్విజయమే, రఘువు లెక్కలో ఒక దిక్కు మిగిలింది.

మిగిలిన దిక్కు అనగానే నాకు మా ఊరే గుర్తుకొస్తుంది. పెనుగొండ అంటే పెద్దకొండ. రాయలసీమ పెనుకొండకు కోటా కొండా నిజంగానే ఉన్నాయి, అక్కడ ‘క’ కూడా కరకుగానే మిగిలింది. డెల్టా నీళ్లలో నాని మా ‘క’ మెత్తబడి ‘గ’ అయింది. కొండేమో లేనే లేదు, ఎటు చూసినా వరిచేలే. మా ఊరి పురాణం ఆ లేని కొండనే సంస్కృతంలోకి మార్చి జ్యేష్ఠశైలమంది.

ఆ పురాణంలోనే విష్ణువర్ధనుడనే రాజు దిక్కులు గెలుచుకుంటూ ఈ ఊరొచ్చాడు. కుసుమశ్రేష్ఠి కూతురు వాసవిని చూసి తనకిమ్మన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. 102 గోత్రాలవారితో కలిసి అగ్నిలో ప్రవేశించింది. దిక్కులన్నీ గెలిచిన రథం ఈ చదును నేల మీద ఆగిపోయింది. ఆ రాజుకు గుడి లేదు. లొంగక అమ్మవారైన వాసవి గుడికి మాత్రం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, నువ్వే దిక్కు తల్లీ అంటారు.

సాయంత్రం వాడు బడి నుంచి వచ్చాడు. “దిక్కులు తేలాయా?” అన్నాడు.

“తేలాయి. గెలిస్తే గెలుస్తార్రా. కానీ ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాలేగా ఉండేవి? రఘువు అన్నీ గెలిచి, విశ్వజిత్ యాగంలో అన్నీ దానం చేసి, ఇంటికొచ్చిన కౌత్సుడికి మట్టిపాత్రతో మర్యాద చేశాడు. ఆ సిన్సినాటి ముందే చిక్కి ఉంటే జోకోవిచ్ అన్నేళ్లపాటు పట్టు వదలకుండా అక్కడికి ఎందుకెళ్తాడు? గెలవని దిక్కే ఆటగాడికి దిక్కు.”

“అంటే గెలుస్తారా, గెలవరా?”

“చెప్పాను కదరా!”

వాడు ఇంకేమీ అడగలేదు. రాకెట్టు తీసుకుని పెరట్లోకి పోయాడు. మా వీధిలో టెన్నిస్ కోర్టు లేదు. కాసేపటికి బంతి చప్పుడు మొదలైంది. వాడికి మా పెరటి గోడే దిక్కు.