భిలాయి పాఠం: రిటైరయ్యాక ఆసుపత్రి బిల్లు ఎందుకు మీద పడుతుంది?

సామాజిక భద్రత మీద ప్రశ్న వస్తే చాలామంది పథకాల పేర్లు, సంవత్సరాలు రాసి ఆపేస్తారు. మీరు ఒక ప్రాంత చరిత్రను పట్టుకుని రాసి చూడండి, కారణం తేలుతుంది.

నేపథ్యం

డబ్బు లేదని ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లో భోర్ కమిటీ చెప్పింది. ఆచరణలో మాత్రం వైద్యం ఉద్యోగంతో ముడిపడింది. 1948లో ఈఎస్‌ఐ చట్టం, 1954లో కేంద్ర ఉద్యోగులకు సీజీహెచ్‌ఎస్ వచ్చాయి.

భిలాయిలో ఏం జరిగింది?

సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వలస వెళ్లాయి. పర్మినెంట్ ఉద్యోగికి కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి ఉండేవి. కాంట్రాక్టు కార్మికుడికి ఆ భరోసా లేదు. అందుకే కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో, శంకర్ గుహా నియోగీ నాయకత్వంలోని గని కార్మికులు 1983లో తామే షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు.

రిటైరయ్యాక

రాయ్‌పూర్, భిలాయిల మధ్య ఉన్న కుమ్హారిలో ఇద్దరు పొరుగువాళ్లను ఊహించుకోండి. ఒకరు సెయిల్‌లో రిటైరయ్యారు. ఆయనకు మెడిక్లెయిమ్ ఉంటుంది, కానీ దానికి పరిమితి ఉంటుంది. రెండోవారు చిన్న ఫ్యాక్టరీలో చేశారు. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐ పరిధిలో పనిచేసి వయసు నిండి రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందవచ్చు. పేరు రికార్డుకే ఎక్కని కాంట్రాక్టు కార్మికుడికి అదీ దక్కదు.

బీమా ఉన్నా బిల్లు ఎందుకు?

చాలా పాలసీల్లో గది అద్దెకు పరిమితి ఉంటుంది. పరిమితి రోజుకు 5,000 అయితే, మీరు 10,000 గది తీసుకున్నారనుకోండి. అద్దెలో తేడా ఒక్కటే కాదు, డాక్టరు, ఆపరేషన్ ఛార్జీల్లోనూ సగం మీరే కట్టాల్సి రావచ్చు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లకు ఈ కోత ఉండకూడదని ఐఆర్‌డీఏఐ నిబంధన.

2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ వర్తిస్తోంది. పరిమితి ఏడాదికి కుటుంబానికి 5 లక్షలు. ఇది ఉద్యోగంతో ముడి విప్పిన అడుగు. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే. నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రల ఖర్చు జేబులోంచే పోతుంది. 60 నుంచి 70 మధ్య పదేళ్ల ఖాళీ అలాగే ఉంది.

ముగింపు

రిటైరైనవారికి వచ్చే బిల్లు దురదృష్టం కాదు, హక్కును పౌరుడికి కాక ఉద్యోగానికి ఇచ్చిన విధాన ఫలితం. మీ జవాబులో ఈ వాక్యానికి ఆధారంగా భిలాయిని చూపండి.

సాధన ప్రశ్న: "భారతదేశంలో ఆరోగ్య భద్రత ఉద్యోగ హక్కు నుంచి పౌర హక్కుగా మారుతోందా?" చర్చించండి. (250 పదాలు)