నీలిరంగు పాపలూ, ఒక డాక్టరమ్మా

మన గుండె పిడికిలంత ఉంటుందని చిన్నప్పుడు బళ్ళో చదువుకునే ఉంటారు. అది నాలుగు గదుల ఇల్లు. పైన రెండు, కింద రెండు, మధ్యన నిలువునా గోడ. ఒళ్ళంతా తిరిగి వాడిపోయిన రక్తం కుడివైపు గదుల్లోకి వస్తుంది. అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకు పోయి, ప్రాణవాయువు నింపుకుని, ఎడమవైపు గదుల్లోకి చేరుతుంది. ఎడమ కింది గది దాన్ని మళ్ళీ ఒళ్ళంతటికీ తోస్తుంది. ఆ రక్తమూ ఈ రక్తమూ కలవకూడదు. తాగే నీళ్ళ గొట్టమూ, అంట్లు తోమిన నీళ్ళు పోయే తూమూ మన ఇళ్ళల్లో వేరువేరుగా ఉంటాయే, అలాగన్నమాట.

కొందరు పిల్లలు ఆ గోడలో కంతతోనే పుడతారు. దానికి తోడు ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకుగా ఉంటుంది. వాడిపోయిన రక్తం అటు పోలేక కంతలోంచి మంచి రక్తంలో కలుస్తుంది. పెదవులు, గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి గొంతుక్కూచుంటారు. 1888లో ఫ్రాన్సులో ఫాలో అనే డాక్టరు ఈ జబ్బును వివరంగా వర్ణించారు. ఆ తరవాత యాభై ఏళ్ళు గడిచినా చేయగలిగిందేమీ లేకపోయింది. ఆ తల్లులు ఏమనుకుని ఉంటారో మీకు వేరే చెప్పాలా?

ఆ పిల్లల్ని చూసి ఊరుకోలేకపోయిన మనిషి హెలెన్ టాసిగ్. 1898లో అమెరికాలో పుట్టారు. పదకొండో ఏట తల్లి క్షయతో పోయింది. హార్వర్డులో ప్రజారోగ్యం చదవాలని వెడితే, "చదువుకోవచ్చు గానీ ఆడవాళ్ళకు పట్టా ఇవ్వం" అన్న ధోరణిలో జవాబు వచ్చింది. పట్టా లేని చదువు ఎందుకు? చివరికి బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్సు వైద్య కళాశాలలో చేరి, 1927లో డాక్టరయ్యారు. 1893లో ఆ కళాశాల తెరవడానికి డబ్బు చాలకపోతే, మేరీ గారెట్ అనే ఆవిడా, ఆమె స్నేహితురాళ్ళూ చందాలు పోగుచేసి ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు సుమండీ! ఆడపిల్లల్ని కూడా మగవాళ్ళతో సమానంగా చేర్చుకోవాలని షరతు పెట్టి మరీ ఇచ్చారు.

1930లో టాసిగ్‌కు అక్కడి పిల్లల గుండెజబ్బుల క్లినిక్ అప్పగించారు. అంతలోనే ఆవిడకు చెవులు వినపడడం తగ్గిపోయింది. గుండె డాక్టరుకు చెవులు లేకపోతే ఎలా? పసివాళ్ళ రొమ్ముమీద చేయి వేసి, వేళ్ళతోనే గుండె చప్పుడు తెలుసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఎక్సురే తెరమీద గుండె ఆకారం గంటలకొద్దీ చూసేవారు.

అలా చూడగా చూడగా ఒక సంగతి కనిపెట్టారు. కడుపులో ఉన్న బిడ్డ ఊపిరి పీల్చదు కదా! అందుకని ఊపిరితిత్తులకు పోవలసిన రక్తం చాలావరకు ఒక చిన్న నాళం గుండా పెద్ద ధమనిలోకి మళ్ళిపోతుంది. పుట్టిన కొద్ది రోజులకు ఆ నాళం మూసుకుపోతుంది. మామూలు బిడ్డకు అది మేలే. ఈ నీలి పాపలకు మాత్రం, ఆ నాళం మూసుకున్నప్పటి నుంచే నీలం ముదురుతోంది! అది తెరిచి ఉన్నన్నాళ్ళూ పెద్ద ధమనిలోని రక్తం కొంత వెనక్కు, ఊపిరితిత్తులకు పోతోందన్నమాట. అయితే మూసుకుపోయిన ఆ దారిని మళ్ళీ కట్టలేమా?

1938లో బోస్టనులో గ్రాస్ అనే సర్జను మూసుకోకుండా మిగిలిన నాళాన్ని ముడివేసి ఒక చిన్నపిల్లను బాగుచేశారు. టాసిగ్ ఆయన దగ్గరకే వెళ్ళి, ముడివేసినవారు నాళాన్ని కట్టలేరా అని అడిగారు. ఆయన ఆసక్తి చూపలేదు.

1941లో బ్లేలాక్ అనే సర్జను హాప్కిన్సుకు వచ్చారు. వెంట వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. ఆయన వడ్రంగి కొడుకు. డాక్టరు కావాలని దాచుకున్న డబ్బు బ్యాంకు మునిగి పోయింది. చేతికి వెళ్ళే రక్తనాళాన్ని తెచ్చి, ఊపిరితిత్తుల నాళానికి కుట్టే పద్ధతిని కుక్కలమీద ప్రయోగాలు చేసి సాధించింది ఆయనే. 1944 నవంబరు 29న తొలి ఆపరేషను. పదిహేను నెలల పాప, నాలుగున్నర కిలోలైనా బరువు లేదు. థామస్ ముక్కాలి పీటమీద నిలబడి, బ్లేలాక్ భుజం వెనకనుంచి సలహాలు చెబుతూ వచ్చారు. ఆ పాప కోలుకుంది గానీ ఏడాది తిరక్కుండానే చనిపోయింది. మూడో రోగి ఆరేళ్ళ బాబు. వాడి పెదవులు ఆపరేషను బల్లమీదనే గులాబి రంగుకు తిరిగాయి!

ఆ తరవాత తల్లులు దేశదేశాల నుంచి పిల్లల్నెత్తుకుని బాల్టిమోరుకు బారులు తీరారు. అటుపైన గుండెనే తెరిచి కంత మూసే శస్త్రచికిత్సలూ వచ్చాయి. మన దేశపు మొదటి మహిళా హృద్రోగ నిపుణురాలు డాక్టరు పద్మావతి కూడా టాసిగ్ దగ్గర చదువుకున్నవారే.

పేరు సంగతికొస్తే, 1945లో అచ్చయిన వ్యాసంలో బ్లేలాక్, టాసిగ్‌ల పేర్లే ఉన్నాయి. థామస్ పేరు లేదు. 1976లో గానీ ఆయనకు గౌరవ డాక్టరేటు ఇవ్వలేదు. టాసిగ్‌ను ప్రొఫెసరును చేసిందీ 1959లోనే, అరవయ్యేళ్ళు దాటాక. ఆ కాస్తకే పదిహేనేళ్ళు!

ఉద్యోగం మానాక కూడా ఆవిడ పక్షుల గుండెలు పరీక్షిస్తూనే ఉన్నారు. 1986 మే 20న స్నేహితుల్ని ఓటు వేయించడానికి కారులో తీసుకువెడుతూ ప్రమాదంలో పోయారు. ఎనభై ఎనిమిదేళ్ళు నిండడానికి ఇంకా నాలుగు రోజులుంది.